కొండ దారికి కొత్త గొట్టాలు

అత్తగారి కారు ఒక పాల వ్యాను వెనకాల, తాడు కట్టించుకుని, తల వంచుకుని అల్లుడి మెకానిక్ షెడ్డుకు వచ్చింది. స్టీరింగు ముందు కూర్చున్న అత్తగారు మాత్రం తల వంచుకోలేదు. తాడు ఎక్కడ వదులవుతోందో, ఎక్కడ బిగుస్తోందో కనిపెట్టుకుంటూ వచ్చి, వ్యాను ఆగగానే దానికి మూరెడు దూరంలో తన బండి ఆపింది. దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి, "అల్లుడు గారూ, పొగ వచ్చింది" అంది, ఇంటికి ఎవరో చుట్టం వచ్చాడని చెప్పినట్టు.

ఆ వీధిలో అందరూ అతన్ని అల్లుడు అనే పిలుస్తారు. ఆవిడ పిలుపు వినీ వినీ వీధికి అంటుకున్న అలవాటు అది. ఆవిడకేమో ఊరంతా కలిసి పెట్టిన పేరు డ్రైవింగు మేడం. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే, అల్లుడితో సహా. నేర్చుకునే రోజుల్లో "ఒరేయ్, క్లచ్చురా, క్లచ్చు!" అని అరిచిన నోరే, పెళ్ళయిన మర్నాటి నుంచి "అల్లుడు గారూ, మీరు" అనడం మొదలుపెట్టింది. బాగా ముద్దొచ్చినా, బాగా కోపమొచ్చినా మళ్ళీ "ఒరేయ్" దగ్గరికి దిగిపోతుంది. అతనికి ఆ పిలుపే ఎక్కువ ఇష్టం.

"ఎక్కడ వచ్చింది పొగ?"

"కొండ దారిలో, పెద్ద మలుపు దాటాక. వెంటనే ఇంజను ఆపేశాను. దిగి దూరంగా నుంచున్నాను. మీరు అడగబోయేవన్నీ చెప్పేశాను. ఇక బానెట్ ఎత్తండి."

బానెట్ ఎత్తగానే మాడిన ఆయిలు వాసన గుప్పుమంది. టర్బో మీద నల్లటి చారికలు కట్టి ఉన్నాయి. ఇంజను వదిలే వేడి పొగతో గిర్రున తిరిగి, ఇంజనుకే మరింత గాలి ఊదిపెట్టే చిన్న చక్రం అది. దానివల్ల బండికి ఎక్కడలేని ఊపూ వస్తుంది, ఎక్కడలేని వేడీ వస్తుంది. దాని ఇరుసు అరిగిపోకుండా ఆయిలు, మాడిపోకుండా కూలెంటు ఎప్పటికప్పుడు అందుతుండాలి. ఆ ఆయిలు తెచ్చే సన్నటి గొట్టం అతుకు దగ్గర చెమ్మగిల్లి, చుక్క చుక్కగా ఎర్రటి వేడి మీద రాలింది. పొగ కథ అది.

అల్లుడు అక్కడితో ఆగలేదు. రేడియేటరు నుంచి వచ్చే గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కాడు. ఎండుటాకు తొక్కినట్టు లోపల కరకరమంది. పెట్రోలు గొట్టం కొస పట్టుకుని కొద్దిగా వంచాడు. పైన నున్నగా ఉన్న రబ్బరు వంచిన చోట సన్నగా నెర్రెలు విచ్చింది. వేలికి తడి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వేలిని వెంటనే చొక్కాకు తుడిచేసుకున్నాడు.

"ఏమిటి, మొహం అలా పెట్టారు? పొగే కదా?"

"పొగే అత్తయ్యా. నిప్పు రావాల్సింది, దారి తప్పినట్టుంది."

ఆవిడ కాసేపు ఆ గొట్టం వంక చూసింది. తర్వాత చక్రం పైనున్న బండి రెక్క మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు అక్కడే ఉంచింది. "అయితే అన్నీ మార్చేయండి. ఆయిలుది, నీళ్ళది, పెట్రోలుది, అన్నీ. ఒక్క పాత గొట్టం కూడా మిగలకూడదు. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే, ఆ మిగిలినవన్నీ కలిసి కొత్తదాని మీద కసి తీర్చుకుంటాయి."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య వంటింటి తూము దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంటోంది. ఆమె ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రాల దగ్గర పని చేస్తుంది. చేతులు కడుక్కోవడం ఆమెకు ఇంట్లో కూడా డ్యూటీయే.

"అమ్మ కారు నీ దగ్గరే ఉందిగా?" అంది, వెనక్కి తిరక్కుండా.

"ఉంది."

"అక్కడే ఉండనీ."

"అంటే?"

"అంటే అక్కడే. బాగవ్వకూడదు. ఈ వయసులో కొండలెక్కడాలు, పొగలు... ఇక చాలు. అన్నయ్య కూడా ఫోన్లో అదే అన్నాడు."

"మరి మీ అమ్మతో ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. పార్టులు రాలేదని చెప్పు. వాళ్ళు పంపలేదను, వీళ్ళ దగ్గర లేదను. నీకు రాని మాటలా? రోజూ ఎంతమందికి చెప్పవు?"

"ఎన్నాళ్ళు?"

"రానన్నాళ్ళు" అని, ఆమె తువ్వాలు అందుకుంది. ఆ తువ్వాలుతో చేతులతో పాటు కళ్ళు కూడా ఒత్తుకోవడం చూసి అల్లుడు సరేనన్నట్టు తలూపాడు.

ఆ తలూపడం ఎంత కష్టమైన పనో మర్నాడు పొద్దున్నే తెలిసివచ్చింది. షెడ్డు తలుపు ఎత్తేసరికి అత్తగారు అప్పటికే బయట నుంచుని ఉంది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు. చీర మీద, చనిపోయిన మామగారి పాత చొక్కా, చేతులు పైకి మడిచి.

"మీరెందుకు అత్తయ్యా ఇక్కడ, ఈ మురికిలో?"

"నా బండి లోపల ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. నడపడమే నేర్పాను గానీ, విప్పడం నాకెవరూ నేర్పలేదు. ఆ పీట ఇలా జరపండి."

ఆవిడ అలా కళ్ళెదుట కూర్చుంటే చేతులు కట్టుకుని ఎలా నుంచోవడం? అల్లుడు మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. ఆయిలు గొట్టాలు, కూలెంటు గొట్టాలు మార్చేస్తాడు. పెట్రోలు గొట్టం మాత్రం రాలేదంటాడు. పెట్రోలు లేని బండి ఎలాగూ కదలదు. అబద్ధం ఒక్కటే, పని చాలా. ఆ మాట తనకు తాను చెప్పుకుంటే కొంచెం తేలికగా అనిపించింది.

బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, పాత కూలెంటు పళ్ళెంలోకి వదిలాడు. పచ్చగా ఉండాల్సింది, తుప్పు కలిసి టీ రంగులో దిగింది. గొట్టాలు ఊడి రాలేదు. ఏళ్ళ తరబడి వేడికి లోహానికి కరుచుకుపోయాయి. బ్లేడుతో నిలువునా చీల్చి, తొక్క ఒలిచినట్టు ఒలిచాడు. అత్తగారు ఒలిచిన ప్రతి ముక్కనూ అందుకుని, వంచి, విరిగిందా లేదా చూసి, నేల మీద వరసగా పేర్చింది.

"ఇది చూడండి, ఎలా విరిగిందో! దీన్ని నమ్ముకునా నేను కొండెక్కింది?"

టర్బోకు ఆయిలు తెచ్చే గొట్టం విప్పి, దాని కొసనున్న బోల్టును వెలుతురుకేసి పట్టుకున్నాడు. ఆయిలు పారే రంధ్రం నల్లటి మసితో దాదాపు పూడుకుపోయింది.

"వేడి బండిని ఉన్నట్టుండి ఆపేస్తే, లోపల నిలిచిన ఆయిలు ఇలా మాడి గడ్డ కడుతుంది. కొండెక్కి ఆగాక కాసేపు ఇంజను ఊరికే తిరగనివ్వాలి అత్తయ్యా. ఆయాసం తీరాక కూర్చోమనాలి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీకు చెప్పేటంత ధైర్యం నాకెక్కడిది?"

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఫ్లాస్కు మూతలో టీ పోసి అతని చేతికిచ్చింది.

కొత్త ఆయిలు గొట్టాన్ని అల్లుడు జడ పైపు అంటాడు. లోపల నున్నటి గొట్టం, పైన సన్నటి స్టీలు తీగలతో అల్లిన జడ. దాన్ని కోయడమే పెద్ద పని. కోయాల్సిన చోట టేపు బిగించి చుట్టకపోతే తీగలన్నీ విచ్చుకుని సూదుల్లా వేళ్ళలో దిగుతాయి. బల్లకు బిగించిన వైసులో నలక్కుండా పట్టించి, సన్నపళ్ళ రంపంతో మెల్లగా కోయాలి. మొదటి కొస అల్లుడు కోశాడు. రెండో కొస దగ్గర రంపం తీసుకోవడానికి చెయ్యి చాపేసరికి అది అత్తగారి చేతిలో ఉంది.

"మీకెందుకు అత్తయ్యా, వేళ్ళు..."

"మీరు టేపు పట్టుకోండి చాలు."

ఆవిడ తొందరపడలేదు. రంపాన్ని ముందుకు నెట్టేటప్పుడు ఒత్తి, వెనక్కి లాగేటప్పుడు వదిలి, అదే వేగంతో కోసుకుంటూ పోయింది. కొస నున్నగా తెగింది. ఒక్క తీగ మాత్రం పక్కకు లేచి ఆవిడ బొటనవేలిలో గుచ్చుకుంది. ఆవిడ దాన్ని పీకి, వేలు నోట్లో పెట్టుకుని, తెగిన కొసను అతని మొహం ముందు ఆడించింది. "ఎలా ఉంది?"

"నాకంటే బాగా కోశారు."

"అబద్ధం."

ఆ మాటకు అల్లుడు చూపు టేపు చుట్ట మీదికి తిప్పేసుకున్నాడు. ఆవిడ మాత్రం వేలికి గుడ్డ చుట్టుకోవడంలో పడింది.

తర్వాతి రోజులు పనిలోనే గడిచిపోయాయి. ఆయిలు గొట్టం మీద వేడి సోకకుండా మందపాటి తొడుగు ఎక్కించారు. టర్బో నుంచి ఆయిలు తిరిగి కిందికి దిగే లావుపాటి గొట్టాన్ని ఎక్కడా సంచీలా జారిపోకుండా, వాలుగా, తిన్నగా పట్టించారు. "ఇది తోసుకుని పోయే ఆయిలు కాదు, దానంతట అది జారిపోవాలి. మధ్యలో గుంట పడితే అక్కడే కూర్చుంటుంది" అని అల్లుడంటే, "మా అన్నయ్యలాగా" అంది అత్తగారు. కూలెంటుకు నీలం రంగు సిలికాన్ గొట్టాలు వచ్చాయి. వాటిని చూసి ఆవిడ మురిసిపోయింది. గొట్టం కొసలను పట్టి ఉంచే ఒక్కో క్లాంపూ ఆవిడే బిగించింది. గట్టిగా కాదు, బిగువుగా. ఆ తేడా ఒక్కసారి చెబితే పట్టుకుంది.

రోజూ వెళ్ళేముందు ఒక్కటే ప్రశ్న. "పెట్రోలు గొట్టం వచ్చిందా?"

"ఇంకా లేదు అత్తయ్యా."

ఆ జవాబు చెప్పేటప్పుడు అతను వైసు వంకో, గోడ మీది స్పానర్ల వంకో చూసేవాడు. ఆవిడ సరేనని ఫ్లాస్కు తీసుకుని వెళ్ళేది. ఇంట్లో భార్య "ఏమంది?" అనేది. "ఏమీ అనలేదు" అనేవాడు. అలా ఇద్దరి మధ్యా అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క చెబుతూ, అతను నోట్లో మేకులు పెట్టుకున్న వడ్రంగిలా తిరుగుతున్నాడు.

ఒకనాడు అతను బండి కింద పడుకుని ఉన్నాడు. పైన అత్తగారికి రాగి వాషర్లు కావాల్సి వచ్చాయి. "ఎక్కడున్నాయి?" అని ఆవిడ అడగడం, "బీరువా కింది అరలో" అని అతను అలవాటుగా చెప్పేయడం, ఆ వెంటనే నాలుక కరుచుకోవడం, మూడూ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. కింద నుంచి బయటికి పాకేసరికి ఆలస్యమైపోయింది.

అదే అరలో దాచిన పెట్రోలు గొట్టం చుట్ట చుట్టి, పైన కాగితం చీటీతో, బండి ముందు అంచు మీద ఉంది. పక్కన దానికి కావాల్సిన క్లాంపులు. అత్తగారు దాని ముందు నుంచుని చేతులు తుడుచుకుంటోంది. ఒక్కో వేలూ, మెల్లగా.

"ఇది ఏ బండిదండీ?" అంది.

అల్లుడు లేచి, చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"నా బండిదేనా?"

"అవునత్తయ్యా."

"ఎప్పుడొచ్చింది?"

"మొదటి రోజే... నా దగ్గరే ఉంది."

ఆవిడ "ఒరేయ్" అంటుందని ఎదురుచూశాడు. అంటే బాగుండుననుకున్నాడు. అనలేదు. "మీరు చెడ్డవారు కాదు అల్లుడు గారూ. ఎవరు చెప్పమన్నారో కూడా నాకు తెలుసు, పేరు చెప్పి మీరు ఇరుకున పడొద్దు" అంది. చొక్కా విప్పి, మడిచి, పీట మీద పెట్టింది. ఫ్లాస్కు మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఫ్లాస్కు పట్టుకుని అతను వెనకాలే పరిగెత్తాడు. బస్టాపు దగ్గరికి చేరేసరికి బస్సు వచ్చేసింది. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి కడ్డీ పట్టుకోగానే, లోపల్నుంచి కండక్టరు ఆదరాబాదరాగా వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా మామ్మగారూ, మెల్లగా! ఎవరైనా లేవండయ్యా, పెద్దావిడ పడిపోతారు!" ఆవిడ పట్టుకున్న కడ్డీ మీంచి చేతిని విడదీసి, ఇంకాస్త కిందున్న కడ్డీ మీద పెట్టాడు, చిన్నపిల్ల చేత పలక మీద దిద్దించినట్టు. ఆవిడ, అతను చూపించిన సీట్లో కూర్చుంది. కిటికీలోంచి బయటికి కూడా చూడలేదు.

కండక్టరు తప్పేమీ లేదు. మంచివాడే. అదే అల్లుడికి మరీ కష్టంగా అనిపించింది. ఊరి సగాన్ని రోడ్డు మీద నడిపించిన మనిషిని, అందరూ మంచివాళ్ళే కలిసి, ప్రేమగా మోచెయ్యి పట్టుకుని, ఒక మూల సీట్లో కూర్చోబెట్టేస్తున్నారు. ఆ చేతుల్లో తనదీ ఒకటి.

ఆ సాయంత్రం భార్య గిన్నెలు కడుగుతుంటే అతను పక్కన నుంచుని తుడిచి పెడుతున్నాడు.

"మీ అమ్మకు తెలిసిపోయింది. ఇక నావల్ల కాదు. రేపు పెట్రోలు గొట్టం కూడా వేసేస్తాను."

గిన్నె ఆమె చేతిలోనే ఆగిపోయింది. "పొగ వచ్చిన రోజు నేనెక్కడున్నానో తెలుసా నీకు?"

"ఆసుపత్రిలో."

"ఒక పెద్దాయన చేతికి గొట్టం తగిలిస్తున్నాను. సిస్టరు వచ్చి, మీ అమ్మగారి కారు కాలిపోతోందట అంది. గొట్టం వదలకూడదు నేను. వదిలితే ఆయన రక్తం పోతుంది. టేపు అంటించి, క్లాంపు తీసి, ఎక్కడా గాలి లేదని చూసుకుని, అప్పుడు ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఆ కాసేపట్లో మా అమ్మను ఎన్ని రకాలుగా చూశానో తెలుసా?"

అల్లుడు గుడ్డ భుజాన వేసుకున్నాడు. ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు.

"మరి మర్నాడు ఆ పెద్దాయనకు గొట్టం తగిలించడం మానేశావా?" అన్నాడు.

"అది వేరు."

"వేరే. కానీ నువ్వు భయపడుతూనే తగిలిస్తావు. భయం ఉంది కాబట్టే రెండుసార్లు చూస్తావు. నాక్కూడా భయమే. ఆ పాత గొట్టం వంచినప్పుడు నాకూ నిప్పే కనిపించింది. నువ్వు వచ్చి చూడు. ఎక్కడైనా బాగా లేదని నువ్వంటే తాళం నేనే దాచేస్తాను. బాగుందంటే మాత్రం మీ అమ్మకు ఇచ్చేస్తాను."

ఆమె కుళాయి కట్టేసింది. "ఆదివారం సెలవు" అంది.

ఆదివారం షెడ్డులో తల్లీ కూతుళ్ళు బానెట్‌కు చెరో పక్కా నుంచున్నారు. రమ్మని అల్లుడు ఫోన్ చేస్తే అత్తగారు వచ్చింది గానీ, కూతురితో పలకలేదు.

"అల్లుడు గారూ, ఆవిడగారిని వెలుతురుకు అడ్డం తప్పుకోమనండి."

"ఏమండీ, నేను అడ్డం లేనని మా అమ్మకు చెప్పండి." మామూలుగా అతన్ని నువ్వు అనే భార్య, కోపంలో మీరు అనేసింది. ఇద్దరికీ మధ్యలో, చేతిలో లైటు పట్టుకుని, అల్లుడు ట్రాఫిక్ పోలీసులా నుంచున్నాడు.

పెట్రోలు గొట్టం అప్పటికే వేసి ఉంది. వేడికి దూరంగా, ఇంజను వెనకున్న రేకు గోడ వెంబడి, క్లిప్పులతో. భార్య చేతికి తొడుగు వేసుకుని మొదలు నుంచి చివరిదాకా వేలితో తడుముకుంటూ వచ్చింది. తప్పు పట్టడానికే వచ్చిన మనిషి. ఒక చోట వేలు ఆగింది.

"ఇక్కడ ఈ రేకు అంచుకు తగులుతోంది."

"తగలదు, చూడు, సందుంది."

"ఇప్పుడుంది. కదిలితే రాసుకుంటుంది."

"కదిలితేనే కదా."

"కదలడానికే కదా బండి!"

అల్లుడు వంగి చూశాడు. ఇంజను ఊగినప్పుడు నిజంగానే తగులుతుంది. రోజూ కాస్త కాస్త కోసుకుంటూ పోయి, ఒకనాటికి... చెవుల దాకా వేడెక్కినట్టయింది అతనికి. క్లిప్పు విప్పి, గొట్టాన్ని జరిపి, రేకు అంచుకు రబ్బరు తొడిగి మళ్ళీ బిగించాడు. ఆమె ఇంకోసారి తడిమి చూసి తలూపింది. అవతల పక్క నుంచి అత్తగారు కూతురి వేళ్ళ వంకే చూస్తోంది.

కూలెంటు పోసేటప్పుడు గాలి బయటికి పోవాలి. మూత తీసి, హీటరు తిప్పి, మెల్లగా పోస్తుంటే బుడగలు తేలుతున్నాయి. కాసేపటికి ఆగిపోయాయి. అల్లుడు మూత అందుకున్నాడు.

"గాలి ఉంది ఇంకా" అంది భార్య. రెండు వేళ్ళతో నీలం గొట్టాన్ని టపటపా తట్టుకుంటూ కింది నుంచి పైకి వచ్చింది, వార్డులో తట్టినట్టే. దాక్కున్న బుడగ ఒకటి గుడుక్కున పైకి వచ్చింది.

"ఆ వంపు దగ్గర కూడా కొట్టవే, అక్కడ ఆగుతుంది" అంది అత్తగారు.

"కొట్టానమ్మా."

"మళ్ళీ కొట్టు."

ఇద్దరూ ఒకేసారి ఆగి మొహాలు చూసుకున్నారు. మాట్లాడేశారని ఇద్దరికీ తెలిసింది. అల్లుడు తెలివిగా లైటు పట్టుకుని బండి కిందికి దూరిపోయాడు.

"నేనే చెప్పమన్నాను" అంది కూతురు.

"తెలుసు. ఆయన మొహానికి అబద్ధం అతకదు, నీ కుట్టు ఎక్కడున్నా కనిపిస్తుంది. నాతో చెప్పాల్సింది నువ్వు."

"చెప్తే వినేదానివా?"

"వినను. కానీ చెప్పాలి."

పైన ఎవరో ముక్కు చీదారు. ఎవరో కింది నుంచి తెలియలేదు. ఆ తర్వాత అత్తగారి గొంతు గట్టిగా వినిపించింది. "ఒరేయ్, నువ్వు కింద దాక్కున్నది చాలు. పైకి వచ్చి స్టార్టు చెయ్యి!"

అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ముందు పెట్రోలు పంపు మాత్రం తిప్పి, ప్రతి అతుకు కిందా తెల్ల కాగితం పెట్టి చూశారు. ఎక్కడా తడి లేదు, వాసన లేదు. తర్వాత ఇంజను అంటుకోకుండా ఊరికే తిప్పాడు, కొత్త గొట్టాల్లోంచి ఆయిలు టర్బో దాకా చేరాలని. ఆయిలు గేజీ ముల్లు కదిలేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ముల్లు లేచింది. అప్పుడు స్టార్టు చేశాడు. ఇంజను ఒకసారి దగ్గి, సర్దుకుని, కూనిరాగం అందుకుంది.

భార్య చేతి తొడుగులు విప్పేసింది. తాళం గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు. అత్తగారు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. కూతురు పక్కన కూర్చుంది. అల్లుడు వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సర్దుకున్నాడు.

కొండ దారి ఎక్కుతుంటే అత్తగారి చేతులు చూడాలనిపించింది అతనికి. స్టీరింగును పట్టుకున్నట్టే ఉండవు. మలుపు రాకముందే గేరు మారిపోతుంది. మలుపు మధ్యలో టర్బో అందుకుని సన్నగా ఈల వేస్తుంది. బండి ఒళ్ళు విరుచుకుని ఎక్కేస్తుంది. పెద్ద మలుపు దగ్గర భార్య ఊపిరి బిగపట్టడం వెనక్కి వినిపించింది. అది దాటాక ఆమె మెల్లగా ఊపిరి వదిలింది. పొగ లేదు. వేడి చూపే గేజీ ముల్లు పెట్టిన చోటే ఉంది.

కొండ పైన, లోయ అంచున వేసిన కటకటాల దగ్గర బండి ఆపి, అత్తగారు ఇంజను ఆపకుండా కాసేపు తిరగనిచ్చింది. "ఆయాసం తీరనీ" అంది. ఆ తర్వాత ఆపి, బానెట్ ఎత్తింది. భార్య తెల్ల కాగితంతో ఒక్కో అతుకూ తుడిచి చూపించింది. తెల్లగానే ఉంది కాగితం.

"బాగుందా?" అన్నాడు అల్లుడు.

"బాగుంది" అంది ఆమె. ఆ ఒక్క మాట కోసం అతను ఇన్ని రోజులూ పని చేసినట్టు అనిపించింది.

అత్తగారు కటకటాలకు ఆనుకుని కింద ఊరి వంక చూస్తూ అంది: "చీకటి పడ్డాక నడపను ఇక. ఎదుటి లైట్లు చెదిరిపోయి కనిపిస్తున్నాయి. ఆ సంగతి మీరెవరూ చెప్పక్కర్లేదు. అనుకున్నాను, చెప్తున్నాను. పగలు మాత్రం నా జోలికి రాకండి."

కూతురు తల్లి పక్కకు వెళ్ళి నుంచుంది. భుజానికి భుజం ఆనించింది. కాసేపటికి, "కిందికి నేను నడపనా అమ్మా?" అంది.

అల్లుడు నమ్మలేకపోయాడు. తల్లి దగ్గరే నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఆ రోజు నుంచి బస్సెక్కిన మనిషి ఆమె. ఎందుకు నడపవని అడిగితే, ఇంటికి ఒక్కరు చాలు అనేది.

అత్తగారు తాళం వెంటనే ఇవ్వలేదు. కూతురి మొహం చూసింది, దారి చూసింది. "ఇప్పుడా? కొండ దిగేటప్పుడా? కింద తిన్నటి రోడ్డు వచ్చాక తీసుకోరాదూ?"

"ఇప్పుడే."

తాళం చేతులు మారింది.

దిగేటప్పుడు కూతురు మెల్లగానే నడిపింది. కొత్తలో రెండుసార్లు కుదుపు వచ్చింది. ఒక మలుపు వెడల్పుగా తిరిగింది. ఆ తర్వాత చేతులకు పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది, భుజాలు వదులయ్యాయి. అల్లుడు ముందు సీట్ల మధ్య నుంచి తల పెట్టి చూస్తున్నాడు. భార్యను మెచ్చుకుందామని నోరు తెరవబోయి, అత్తగారి కాళ్ళ వంక చూసి ఆగిపోయాడు.

ఆవిడ కుడికాలు నేలను తొక్కుతోంది. నేర్పే బండ్లలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇందులో లేదు. లేని బ్రేకును ఆవిడ ప్రతి మలుపులోనూ శక్తి కొద్దీ తొక్కుతోంది. కాలి కింది పట్టా ముడతలు పడి ముద్దగా ముందుకు జరిగిపోయింది. ఒక చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. ఇంతకు ముందు ఇదే కొండను బండి చేత ఈల వేయిస్తూ ఎక్కిన మనిషి, పెదాలు బిగించి, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా కూర్చుంది.

కూతురు కూడా చూసింది. ఓరగా, ఒక్క క్షణం.

"ఏంటమ్మా, భయమేస్తోందా?"

"నాకెందుకే భయం? కాలు తిమ్మిరెక్కితే ఆడిస్తున్నాను. నువ్వు ముందు చూసి నడుపు."

"సరే" అంది కూతురు. నవ్వు దాచుకుంది. ఇంకేమీ అనకుండా గేరు తగ్గించింది. బండి నెమ్మదించింది. అత్తగారి కాలు మెల్లగా నేల మీంచి లేచింది.